అరుగు తీసేసి అద్దం పెట్టుకున్నాం

మనవాళ్ళు నలుగురు కూడిన చోటల్లా ఈ మధ్య ఒక మాట వినబడుతున్నది: "మన ఊళ్ళు కూడా సింగపూరులా కావాలి." ఆ మాటకు చప్పట్లు కొట్టనివారు అరుదు. మేము కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పుకోవలసిన పూచీ మాదే గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. కొందరికి కోపం రావచ్చు. వస్తే రానివ్వండి, జవాబు రాసి పంపండి.

సింగపూరులా అంటే ఏమిటి? ఈ ప్రశ్నకు మనవాళ్ళ జవాబు మాటల్లో కాదు, ఇటుకల్లో కనబడుతుంది. గుంటూరు శివారులోనో, కాకినాడలోనో, కడపలోనో తల్లిదండ్రుల కోసమని ఇక్కడినుంచి డబ్బు పంపి కట్టించిన ఇళ్ళు చూడండి. ముందు రెండంతస్తుల ఎత్తు అద్దం. దానికి ఎలివేషన్ అని పేరు. కిటికీల మీద సజ్జ లేదు, ఉంటే గీతలు చెడిపోతాయట. వీధి వైపు అరుగు లేదు, కారుకు మాత్రం పోర్టికో ఉంది. అద్దం పడమటికి తిరిగి ఉంటుంది, ఎందుకంటే రోడ్డు ఆ వైపు ఉంది. మే నెలలో ఆ ముసలి దంపతులు ఆరు గదుల ఇంట్లో ఏసీ ఉన్న ఒక్క గదిలో తలుపులు బిగించుకుని కూర్చుంటారు. కరెంటు పోతే ఆ గదీ లేదు. కొడుకు కట్టించిన ఇల్లు గనుక పైకి ఏమీ అనరు. ఫోనులో మాత్రం "ఎండలు కాస్త ఎక్కువగా ఉన్నాయిరా" అంటారు.

దీనికి సింగపూరు పేరు పెట్టడం సింగపూరుకే అన్యాయం. ఈ ఊరికి దాని ఆకారం ఇచ్చినవారిలో ఒక మనిషి ఉన్నాడు. ఆయన పేరు మనలో నూటికి తొంభైమందికి తెలియదు. ఆర్థిక సలహాదారు విన్సెమియస్ పేరు ఇక్కడ చదువుకున్న ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఈయన పేరు అడిగితే తెల్లమొహం వేస్తారు. పైగా ఈయన మన పొరుగున, బెంగుళూరులో, దాదాపు పదేళ్ళు పనిచేసినవాడు!

ఆయన ఒట్టో కోనిగ్స్‌బర్గర్. 1908లో బెర్లినులో పుట్టాడు. పోల్‌జిగ్, బ్రూనో టౌట్ వంటి నవీన వాస్తుశిల్పుల దగ్గర చదువుకున్నాడు. యూదుడు కావడంచేత 1933లో హిట్లరు రాగానే ఉద్యోగం పోయింది, దేశం పోయింది. ఈజిప్టులో కొన్నేళ్ళు పురాతత్వ పరిశోధనల్లో గడిపాడు. 1939లో మైసూరు సంస్థానానికి ప్రభుత్వ ఆర్కిటెక్టుగా వచ్చాడు. భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ ఈయనకు మేనమామ వరస. బోర్న్ అంతకుముందే బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కొంతకాలం ఉండి వెళ్ళాడు. ఈయనను రప్పించినది దివాను సర్ మీర్జా ఇస్మాయిల్. ఆ మీర్జాగారే 1946లో హైదరాబాదుకు ప్రధానమంత్రిగా వచ్చారన్న సంగతి మన పెద్దలకు గుర్తుండవచ్చు.

కోనిగ్స్‌బర్గర్ బెర్లిను పాఠం వల్లెవేసుకుంటూ దిగాడు: చదును కప్పు, తెల్ల గోడ, వెడల్పాటి కిటికీ. దిగిన చోట ఎండ వేరు, వాన వేరు. దివానుగారికేమో గుమ్మటాలమీద, కమానులమీద మోజు. పాత కోటల అలంకారం తెచ్చి కొత్త ఆఫీసులకు అతికించడమే సంప్రదాయం అనుకునే రోజులవి. ఈయన రెండు దారులూ పట్టలేదు. లోతైన వసారాలు వేశాడు. కిటికీల మీద పొడుగు సజ్జలు లాగాడు. వేడిగాలి పైకెక్కి బయటికి పోవడానికి కప్పు కింద సందులు వదిలాడు. సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన కట్టిన భవనాలలో వీటిని చూడవచ్చు. ఆ భవనాల మీద గోపురం లేదు, తామరపువ్వు లేదు. ఇంటి రూపాన్ని వదిలేసి ఇంటి తెలివిని పట్టుకున్నాడన్నమాట. మన వాదమంతా ఈ ఒక్క తేడా మీద నిలబడుతుంది గనుక పాఠకులు దీనిని దృష్టిలో ఉంచుకోవాలి.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో నెహ్రూ ప్రభుత్వం ఆయనను గృహ నిర్మాణ శాఖకు డైరెక్టరుగా పిలిచింది. భువనేశ్వర్ నగరానికి ప్రణాళిక గీశాడు. దేశ విభజన కాందిశీకుల కోసం కొత్త పట్టణాల పని చూశాడు. ఢిల్లీలో ఇళ్ళ ముక్కలను ఫ్యాక్టరీలో పోతపోసి బిగించే పథకం ఒకటి ఆయన చేతుల మీదుగా మొదలై, పలకలు పగుళ్ళిచ్చి అభాసుపాలైంది. 1951లో లండను వెళ్ళిపోయాడు. ఆయనను తక్కువ చేసి మాట్లాడేవారు ఈ ఫ్యాక్టరీ దగ్గరే ఆగిపోతారు. తర్వాతి కథ చదివే ఓపిక వారికి ఉండదు.

తర్వాతి కథ ఘనాలో జరిగింది. 1954 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి అక్కడి ఇళ్ళ సంగతి చూడమని ముగ్గురిని పంపింది. అందులో ఈయన ఒకడు. ప్రభుత్వం ఫ్యాక్టరీ ఇళ్ళ గురించి ఆలోచిస్తున్నది. ఆ ముగ్గురూ పల్లెలు తిరిగి చూసి చెప్పినదేమిటంటే: ఇక్కడి జనానికి మట్టిగోడ కట్టడం వచ్చు, మీకంటే బాగా వచ్చు. వారికి చేతకానిది కప్పు. ఎందుకంటే రేకులకు, కలపకు నగదు కావాలి. గోడ వాళ్ళను కట్టుకోనివ్వండి, కప్పుకు మాత్రం అప్పివ్వండి. అదే కప్పు అప్పు పథకం. ఢిల్లీలో ఫ్యాక్టరీ నడిపిన మనిషే ఘనాలో మేస్త్రి చేతికి తాపీ తిరిగి ఇవ్వమన్నాడు. పది డిగ్రీలున్నా ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి.

మన రాష్ట్రంలో పేదల ఇళ్ళ పథకాలు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత పక్కా ఇళ్ళు రావడం అవసరమే, ఎవరు కాదంటారు? పదివేలమంది పోయిన చోట తాటాకు కప్పును పొగుడుతూ కూర్చోవడం దుర్మార్గం. కాని ఒక్కటి అడుగుతాం. ఆ తీరంలో తరతరాలుగా గుండ్రంగా చుట్టిల్లు ఎందుకు కట్టారు? నాలుగు మూలల గోడకు గాలి ఎదురు నిలిచి కొడుతుంది, గుండ్రటి గోడను ఒరుసుకుంటూ జారిపోతుంది. చూరు నడుము ఎత్తుకు వంగి ఉంటే గాలి దూరి కప్పు లేపడానికి సందు తక్కువ. ఆ తెలివిని కాంక్రీటులోకి తీసుకోవచ్చు గదా! తీసుకున్నవాళ్ళు ఎందరు? శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఒకే పెట్టె గీసి, ఒకే శ్లాబు వేసి, ఒకే రంగు కొట్టారు.

సరే, సింగపూరుకు వద్దాం. 1963లో ఐక్యరాజ్యసమితి తరఫున చార్లెస్ అబ్రామ్స్, సుసుము కోబె, కోనిగ్స్‌బర్గర్ ముగ్గురూ ఇక్కడికి వచ్చారు. అప్పటికి గృహ నిర్మాణ సంస్థ పుట్టి మూడేళ్ళు. బుకిత్ హో స్వీ అగ్నిప్రమాదంలో 1961 మే నెలలో పదహారు వేలమంది నిలువనీడ లేనివారైన గాయం ఇంకా పచ్చిగా ఉన్నది. ఇళ్ళు వేగంగా కట్టాలన్న దానిలో ఆ ముగ్గురికి సందేహం లేదు. మురికివాడలను అలాగే ఉంచమని వారు చెప్పలేదు. అయితే రెండు మాటలు అదనంగా చెప్పారు. ఒకటి, ఊరంతా దక్షిణాన ఒక్క చోట పేరుకోకుండా మధ్యనున్న నీటి పరివాహక అడవి చుట్టూ హారంలా పట్టణాలు కట్టండి అని. 1971 నాటి కాన్సెప్ట్ ప్లానులో ఆ ఉంగరం ఆకారం కనబడుతుంది. మనం రోజూ రైల్లో తిరుగుతున్నది ఆ హారం మీదనే. రెండో మాట, పాత ఊరిని అంతా ఒక్క దెబ్బన కూల్చకండి, అందులో విలువైనదేదో గుర్తించండి, కొంత కాపాడండి, కొంత బాగుచేయండి, మిగిలినది తిరిగి కట్టండి అని.

మొదటి మాట వెంటనే విన్నారు. రెండో మాట వినడానికి పాతికేళ్ళు పట్టింది. చైనాటౌనునూ, మన లిటిల్ ఇండియానూ, కంపోంగ్ గ్లామునూ రక్షిత ప్రాంతాలుగా ప్రకటించినది 1989లో. అప్పటికే ఎన్నో వీధులు పోయాయి. ఈరోజు సెరంగూన్ రోడ్డు పక్కన ఐదడుగుల వసారాలో ఎండ తగలకుండా కూరగాయలు కొనుక్కుంటున్నామంటే ఆ మాట ఎవరో ఒకరు ఏనాడో అన్నందువల్ల కూడా అని అనుకోవడంలో తప్పులేదు.

ఆ ఐదడుగుల వసారా గురించి ఒక మాట. 1822లో రాఫిల్స్ ఈ ఊరికి నియమాలు పెడుతూ, వీధి వైపు ఇల్లు కట్టేవాడు ఎవడైనా సరే నిర్ణీత వెడల్పుతో కప్పు ఉన్న నడవ వదలాలి, అది దారిన పోయే అందరికీ తెరిచి ఉండాలి అన్నాడు. చూడడానికి మన అరుగే. ఎండ కాచుకోవచ్చు, వాన తప్పించుకోవచ్చు, సరుకు పెట్టి అమ్ముకోవచ్చు. కాని మన అరుగుకు దీనికి ఒక తేడా ఉన్నది, దానిని దాచిపెట్టి పాత ఇళ్ళను కీర్తించడం మాకు ఇష్టం లేదు. మన ఊళ్ళో అరుగు మీద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు వీధిలో నిలబడి మాట్లాడాలి అనేది కులాన్ని బట్టి ఉండేది. మండువా లోగిలి భూమి ఉన్నవాళ్ళ ఇల్లు. మాలపల్లెలో ఒంటి నిట్టాడి గుడిసె తప్ప మండువా ఎక్కడ? మన సాంస్కృతిక సంఘాలు వేదిక మీద అట్టముక్కలతో మండువా కట్టి, పెంకులు గీసి, పట్టుచీరలతో ఫోటోలు దిగుతుంటే మాకు అందుకే మనస్కరించదు. కావలసినది అరుగు తాలూకు నీడ. దాని తాలూకు పెత్తనం కాదు. ఈ ఊరి నియమం ఆ రెండింటినీ విడదీసింది. ప్రభుత్వ ఫ్లాట్ల కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్ కూడా అంతే. కంపోంగ్ ఇల్లు స్తంభాల మీద నిలబడి కింద గాలి పోనిచ్చినట్టే ఇదీ. అక్కడ పెళ్ళి జరుగుతుంది, చావు జరుగుతుంది, ముసలాయన చదరంగం ఆడతాడు, ఏ కులమని అడిగేవాడు లేడు. సింగపూరునుంచి తెచ్చుకోదగినది ఇది. మనవాళ్ళు దీనిని తేలేదు, అద్దం తెచ్చారు.

ఇక ఎండ లెక్క. దీనిని కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే డబ్బు ఇక్కడే పోతున్నది. కోనిగ్స్‌బర్గర్ లండనులో ఉష్ణదేశాల వాస్తు శాఖను నడిపి, ఆసియా ఆఫ్రికాల నుంచి వచ్చిన విద్యార్థులకు పాఠం చెప్పి, చివరకు 1970లలో సహచరులతో కలిసి ఉష్ణమండలపు ఇళ్ళ గురించి ఒక పుస్తకం వేశాడు. దాని భారతీయ ముద్రణ హైదరాబాదు ప్రచురణకర్తల ద్వారా వచ్చింది. మన దేశంలో ఆర్కిటెక్చరు చదివిన పిల్లలు చాలామంది ఆ పుస్తకంతో పరీక్ష గట్టెక్కినవారే. గట్టెక్కాక మూసేశారు. మహోనీ అనే సహచరుడి పేరుతో కొన్ని పట్టికలు కూడా తయారయ్యాయి. ఊరి ఉష్ణోగ్రత, తేమ, వాన నెలలవారీగా వేసుకుంటూ పోతే గోడ బరువుగా ఉండాలా తేలికగా ఉండాలా, కిటికీ ఎంత పెద్దది కావాలి, గదులు ఒకే వరుసలో ఉండాలా అన్నది కింద తేలుతుంది. మన తాతల కాలపు మేస్త్రి నోటితో చెప్పినదే ఇక్కడ అంకెల్లో ఉంటుంది.

ఆ లెక్క సింగపూరుకు ఒకటి చెబుతుంది, కడపకు ఇంకొకటి చెబుతుంది. ఈ ఊరు భూమధ్యరేఖకు ఒక డిగ్రీ పైన ఉన్నది. ఏడాది పొడుగునా వాన, పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 25. పగటికి రాత్రికి తేడా స్వల్పం. అటువంటి చోట మందపాటి గోడ కట్టి ప్రయోజనం లేదు, అది చల్లబడే రాత్రి రాదు. ఒంటి మీది చెమట ఆరడానికి గాలి ఆడాలి. అందుకే మలయ్ ఇల్లు పలచని గోడలతో, ఎత్తు స్తంభాలతో, నిండా కిటికీలతో ఉంటుంది. కడపలో వేసవి పగలు 43 దాటుతుంది, గాలి పొడి, తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. అక్కడ పగలు కిటికీ తెరిస్తే వడగాడ్పే లోపలికి వస్తుంది. రాయలసీమ మిద్దె చూడండి: మూరెడు మందం రాతి గోడ, దూలాల మీద చవుడు మట్టి కప్పు, చిన్న కిటికీలు, పైన వెలుతురుకూ పొగకూ గవాచి. పగటి ఎండను గోడ తనలో దాచుకుంటుంది. అది లోపలికి దిగేసరికి పొద్దుగుంకుతుంది, అప్పటికి ఇంటిల్లిపాదీ మిద్దె మీద పడుకుంటారు. కోస్తాలో అటు ఉక్క, ఇటు ఎండ రెండూ ఉన్నాయి గనుక మండువా పుట్టింది. నడుమ ఆకాశం, చుట్టూ వసారా, కిందికి దిగిన పెంకుల చూరు, గోడకు ఎండ తగలనివ్వని నీడ. ఒకే తెలుగు, మూడు రకాల ఇళ్ళు. వాళ్ళు చదువుకోనివాళ్ళట!

ఈ లెక్కల ప్రకారం సింగపూరులో నప్పిన ఇల్లు కడపలో నప్పదు. ఇంక అద్దాల సంగతి చెప్పేదేముంది. అది సింగపూరుకే నప్పలేదు. మరీనా బే దగ్గర మెరిసే ఆ మేడల కింద నేలమాళిగలో 2006 నుంచి చల్లటి నీళ్ళు తయారుచేసి గొట్టాల్లో పంపే ఒక కర్మాగారమే నడుస్తున్నది. 1979లోనే ఇక్కడి ప్రభుత్వం ఏసీ భవనాల గోడలనుంచి, అద్దాలనుంచి ఎంత వేడి లోపలికి రావచ్చో హద్దు పెట్టింది. అద్దం ఖరీదు తెలిసినవాళ్ళు గనుక హద్దు పెట్టుకున్నారు. మనం హద్దునూ తీసుకోలేదు, కర్మాగారాన్నీ తీసుకోలేదు, మెరుపు మాత్రం తీసుకున్నాం. 2015 మే వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఎండలో పనిచేసిన కూలీలూ, వయసు మళ్ళినవారూ. ఇల్లంటే ముందు నీడ అనే సంగతి అటువంటి ప్రాంతంవారికి ఇంకొకరు చెప్పాలా?

అమరావతి మాట ఎత్తకుండా ఈ వ్యాసం ముగిస్తే పిరికితనం అవుతుంది. 2014 చివర ఒప్పందం కుదిరి, 2015లో సింగపూరు సంస్థలు కొత్త రాజధానికి ప్రణాళిక గీసి ఇచ్చాయి. ఇక్కడి తెలుగువారందరం గర్వపడ్డాం. 2019లో అది ఆగిపోవడం, 2024 తర్వాత మళ్ళీ పనులు మొదలుకావడం అందరికీ తెలిసినదే. రాజకీయం మాకు అక్కర్లేదు. మేము అడిగేది ఒక్కటే. ఆ ప్రణాళిక గురించి పత్రికల్లో వచ్చిన బొమ్మల్లో నది పక్కన అద్దాల బురుజులు చూశాం. అరుగు ఎక్కడ? కాలినడకన పోయేవాడికి నీడ ఎక్కడ? ఏ దేశపు సలహాదారునైనా పిలవండి, తప్పులేదు. కోనిగ్స్‌బర్గర్ కూడా ఇక్కడికి పిలిస్తే వచ్చినవాడే. అయితే ఆయన నేర్చుకుని వచ్చాడు. బెంగుళూరు వసారాల కింద దాదాపు పదేళ్ళు, ఘనా మట్టిగోడల మధ్య కొన్నాళ్ళు తిరిగి, ఆ తర్వాత ఈ ఊరికి సలహా చెప్పాడు. గుంటూరు జిల్లా మేస్త్రిని ఒక్క మాట అడగకుండా గుంటూరు జిల్లాలో నగరం గీయవచ్చునని ఆయన అయితే అనడు.

"ఇప్పుడు నూటయాభై గజాల స్థలంలో మండువా ఎక్కడ కడతాం?" అని మిత్రులు అడిగారు. నిజమే, కట్టలేం. దోమలున్నాయి, దొంగలున్నారు, వీధి అరుగు మీద దుమ్ము. ఇవన్నీ నిజాలే, తోసిపుచ్చడం లేదు. మండువా కట్టమని మేము అనలేదు. పడమటి గోడకు అద్దం వద్దన్నాం. కిటికీకి రెండడుగుల సజ్జ వేయమన్నాం. శ్లాబు మీద ఎండ నేరుగా పడకుండా పైన పెంకో, సున్నం తాపడమో, కనీసం పందిరో వేయమన్నాం. మెట్ల దగ్గర ఒక బావి వదిలి పైకి తెరిస్తే వేడిగాలి పోతుందన్నాం. దోమలకు వల బిగించవచ్చు. వీధి వైపు మూడడుగుల నీడ వదిలితే పాలవాడూ, పక్కింటి అవ్వా ఒక్క నిమిషం నిలబడతారు. ఇవేవీ అద్దం కంటే ఖరీదైనవి కావు. చాలావరకు చౌక. చౌక గనుకనే మనకు నచ్చవేమోనని అనుమానం.

"వాస్తు చూపించాం, అన్నీ సరిగ్గా ఉన్నాయి" అనే మిత్రులకు కూడా ఒక మాట. సిద్ధాంతిగారు ఈశాన్యం కొలిచి, నూతి స్థలం చెప్పి, సంభావన తీసుకుని వెళతారు. పడమర బరువు ఉంచమని ఆయన చెప్పినా ఎలివేషన్ ముందు ఆయన మాట కూడా సాగడం లేదు. వంటగది మూల మార్చడానికి గోడ పగలగొట్టినవారు ఎండ ఆపడానికి సజ్జ పెంచరు. ఇదెక్కడి భక్తి?

కోనిగ్స్‌బర్గర్ 1999లో లండనులో కన్నుమూశాడు. ఇటీవలి కాలంలో ఐరోపాలో, అమెరికాలో కొందరు పరిశోధకులు ఆయన మైసూరు కాగితాలు తిరగేసి రాస్తున్నారు. మన దగ్గర చండీగఢ్ అంటే కార్బూజియే, కేరళ అంటే లారీ బేకర్, అక్కడితో సరి. పుదుచ్చేరి ఆశ్రమంలోని గోల్కొండ భవనం కథ కూడా ఇంతే. మన దేశపు తొలితరం నవీన కాంక్రీటు కట్టడాల్లో అదొకటి. అద్దానికి బదులు గాలిపలకలతో నిలబడి ఉంది. హైదరాబాదు దివాను అక్బర్ హైదరీ సాయంతో నిజాం సొమ్ము వచ్చింది గనుక దానికి ఆ పేరు పెట్టారు. మన ఊరి పేరు పెట్టుకున్న భవనాన్ని మనం ఎంతమందిమి చూశాం?

ఈ సెలవులకు చాలా కుటుంబాలు ఊరు వెళుతున్నాయి. ఇల్లు కట్టిస్తున్నవారు, కట్టించబోతున్నవారు ఒక చిన్న పని చేసి పెట్టండి. డ్రాయింగు మీద సంతకం పెట్టేముందు ఇంజినీరును నాలుగు అడగండి: పడమటి గోడలో అద్దం ఎన్ని చదరపు అడుగులు, సజ్జ ఎన్ని అంగుళాలు, కరెంటు లేనప్పుడు మే నెల మధ్యాహ్నం అమ్మ ఏ గదిలో కూర్చుంటుంది, శ్లాబు మీద నీడ ఏమిటి. మీ ఊరి పాత ఇంట్లో ఇవే నాలుగింటికి జవాబు ఎలా ఉన్నదో టేపు పట్టి కొలవండి, వీలైతే ముసలి మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని. రెండు జవాబులూ కాగితం మీద రాసి మాకు పంపండి. పేర్లు లేకుండా వచ్చే సంచికలో వరుసగా అచ్చు వేస్తాం.